రంగు వేసిన నెలకే పొక్కులా? ముందు కడిగిన నీళ్లు చూడండి

బండి సైడ్ స్టాండ్, చైన్ కవర్, క్యారియర్ లాంటివి ఇంట్లోనే విప్పి, తుప్పు గీకి, రంగు వేసుకోవడం పెద్ద పనేమీ కాదు. విప్పడం, బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అన్నీ చేసి నెల తిరక్కుండా నా దగ్గరకు వచ్చేవాళ్లు చెప్పే మాట ఒకటే: "రంగు మంచిది కాదండి." చాలాసార్లు రంగు తప్పేమీ ఉండదు.

రంగు పొరలా ఊడొస్తోందా? గోటితో లాగితే పాలిథిన్ కాగితంలా వచ్చేసి, కింద ఇనుము శుభ్రంగా కనిపిస్తే జిడ్డు పోలేదన్నమాట. పెట్రోల్ గుడ్డతో తుడిచి వదిలేసి ఉంటారు. పెట్రోల్ ఆరినా దాని వెనక పల్చటి జిడ్డు మిగిలిపోతుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక, తెల్లగుడ్డకు మరక అంటనంతవరకు రంగులో కలిపే థిన్నర్‌తో తుడవండి. వందసార్లు చెప్పాను, ఇంకా పెట్రోలే వాడుతున్నారు. నున్నటి క్రోమ్ మీద నేరుగా వేసినా ఇలాగే ఊడుతుంది. ముందు ఉప్పు కాగితంతో మెరుపు చంపాలి. ముందు చక్రం ఫోర్కు పైపుల జోలికి మాత్రం పోకండి, ఆయిల్ సీల్ వాటి మీదే జారుతుంది.

సైలెన్సర్ మీద రంగు మాడి రాలితే, అది మామూలు ఎనామిల్. వేడి తట్టే రంగు కొనుక్కోండి, అంతే.

ఇక పొక్కులు. రంగు బాగానే పట్టి ఉంటుంది, మధ్యలో కందిగింజంత బుడిపెలు లేస్తాయి. గిల్లితే లోపల నీటి చుక్క, దాని కింద నల్లటి తుప్పు. దీని దగ్గరే నేను మూడుసార్లు బోల్తా పడ్డాను.

మా చెల్లెలి అత్తారిల్లు శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర. ఉప్పు మడుల మీదుగా వచ్చే గాలికి ఆ ఊళ్లో గేటు గొళ్లెం కూడా నిలవదు. వాళ్ల బండి క్యారియర్‌కు అక్కడే ఉండి రంగు వేశాను. పొక్కులొచ్చాయి. ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి కోటు) మార్చాను, మళ్లీ వచ్చాయి. స్ప్రే డబ్బా మార్చాను, మళ్లీ అదే. నాలుగోసారి గీకి, కడిగి, రాత్రి వరండాలో వదిలేశాను. పొద్దున చూస్తే తుప్పు తిన్న గుంటల్లో నువ్వుగింజల్లా నల్లచుక్కలు, ముట్టుకుంటే చెమ్మ. కడిగింది వాళ్ల బోరు నీళ్లతో. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయి.

ఉప్పు ఆ గుంటల్లో ఎండిపోతుంది, కంటికి కనిపించదు. ఏ రంగయినా తేమను కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. ఉప్పు ఆ తేమను పట్టుకుని నీరవుతుంది, ఆ నీరే రంగును పైకి లేపుతుంది. డ్రిల్లుకు తగిలించిన వైర్ బ్రష్‌తో రుద్దితే ఇంకా నష్టం: పైన మెరుస్తుంది, ఉప్పు గుంటలోనే మూసుకుపోతుంది.

అందుకే గీకక ముందే ఒకసారి మంచినీళ్లతో కడగండి. 80 నంబరు ఉప్పు కాగితంతో గుంటల అడుగు కనిపించేదాకా రుద్దండి. తర్వాత మినరల్ వాటర్ క్యాన్‌లోవి కాచి, గట్టి నైలాన్ బ్రష్‌తో రెండు మూడు విడతలు కడగండి. "బండికి తాగే నీళ్లేటి బావా?" అని మా బావ నవ్వాడు. నవ్వనీండి. ఒక రాత్రి బయట వదిలేసి, పొద్దున నల్లచుక్కలుంటే మళ్లీ కడగాలి. లేకపోతే 220 నంబరు కాగితంతో పైపైన రుద్ది, థిన్నర్‌తో తుడిచి, ఎండ ఎక్కాక అదే రోజు ప్రైమర్ వేసెయ్యాలి. ముసురు రోజుల్లో మాత్రం వద్దు.

రస్ట్ రిమూవర్, వెనిగర్ వాడినవాళ్లు కూడా ఇలాగే కడగాలి. ఆ యాసిడ్ మిగిలినా పొక్కులే.

రంగు ముడతలు పడితే కింది కోటుకూ పై కోటుకూ పొసగకపోయి ఉండొచ్చు. మొత్తం గీకి, రెండూ ఒకే కంపెనీవి వేసుకోండి.