కుక్కలతో 214 కొండలు: వెయిన్‌రైట్స్ పూర్తి చేయాలనుకునేవారికి

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో కొండలు ఎక్కేవాళ్ల దగ్గర 214 అంటే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు. కెండల్ పట్టణ పాలక సంస్థలో కోశాధికారిగా పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్, 1955 నుంచి 1966 వరకు ఏడు సంపుటాల్లో చేత్తో రాసి, బొమ్మలు గీసి వర్ణించిన కొండలవి. ఆయన పేరుతోనే వాటిని వెయిన్‌రైట్స్ అంటారు. అన్నిటికన్నా ఎత్తైనది స్కాఫెల్ పైక్, 978 మీటర్లు. అన్నిటికన్నా చిన్నది కాజిల్ క్రాగ్, 290 మీటర్లు. ఆ జాబితా మొత్తం ఎక్కడమనేది ఇక్కడ చాలామందికి ఏళ్ల తరబడి సాగే పని. ప్రెస్టన్‌లో ఉండే నేను, మా వీధిలోనే ఉండే నా స్నేహితురాలు, మా బంటి (బోర్డర్ టెర్రియర్), వాళ్ల లాబ్రడార్ మోలీ, నలుగురం కలిసే పూర్తి చేశాం. ఇంట్లో కుక్క ఉండి, మనసులో ఈ కోరిక ఉన్న తెలుగువాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

మొదట తేల్చుకోవాల్సింది చివరి కొండ. మనకి పదేళ్లు పట్టినా పర్వాలేదు. కుక్కకి పదేళ్లంటే దాదాపు జీవితమంతా. అందుకే బండరాళ్లు, నిటారు దారులు ఉన్నవి అది వయసులో ఉన్నప్పుడే అయిపోవాలి. ముసలిదయ్యాక కూడా నడవగలిగేవి కొన్ని చివరికి దాచిపెట్టాలి. మరీ చిన్న కుక్కపిల్లనీ తీసుకెళ్లకూడదు. ఎముకలు గట్టిపడేదాకా, పెద్ద జాతులకైతే ఏడాది దాటేదాకా, పెద్ద కొండల జోలికి పోవద్దు. ఎప్పటినుంచి మొదలుపెట్టొచ్చో మీ వెట్‌ని (పశువుల డాక్టర్ని) అడగండి.

కష్టమైన వాటిలో కుక్కకి దారి వేరే ఉంటుంది. స్కాఫెల్ పైక్ నుంచి పక్కనే ఉన్న స్కాఫెల్‌కి బ్రాడ్ స్టాండ్ మీదుగా దగ్గర దారి కనిపిస్తుంది కానీ అది రాక్ క్లైంబింగ్. కుక్కతో అటు ఆలోచనే పెట్టుకోవద్దు. కిందికి దిగి ఫాక్సెస్ టార్న్ (టార్న్ అంటే కొండ మీది చిన్న చెరువు) మీదుగా ఎక్కాలి. తడిరాళ్ల మీద అక్కడక్కడ కుక్కని ఎత్తి పెట్టాల్సి వస్తుంది. క్రింకుల్ క్రాగ్స్‌లో బ్యాడ్ స్టెప్ అనే రాతి అడ్డు వస్తుంది, దాన్ని చుట్టి వెళ్లే దారి ఉంది. బ్లెన్‌కాత్రాకి షార్ప్ ఎడ్జ్ అనే సన్నటి రాతి గట్టు వదిలేసి స్కేల్స్ ఫెల్ వైపు నుంచి, హెల్‌వెలిన్‌కి అలాంటిదే అయిన స్ట్రైడింగ్ ఎడ్జ్ వదిలేసి పడమటి వైపు థర్ల్‌మియర్ నుంచి వెళ్లండి. 2020లో స్కాఫెల్ పైక్ మీద డైసీ అనే 55 కిలోల సెయింట్ బెర్నార్డ్ కాళ్లు నొప్పి చేసి కదలనంటే, వాస్‌డేల్ మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లు 16 మంది దాదాపు ఐదు గంటలు కష్టపడి స్ట్రెచర్ మీద దించారు. మోలీ కూడా అంత చిన్నదేం కాదు. అందుకే నేను రూట్ వేసేటప్పుడల్లా, ఇక్కడ మోలీ కూర్చుండిపోతే మేమిద్దరం దించగలమా అని చూసుకునేదాన్ని.

కొండల్ని గుత్తులుగా ఎక్కండి. ఆంబుల్‌సైడ్ నుంచి ఫెయిర్‌ఫీల్డ్ హార్స్‌షూ అనే గుర్రపు నాడా ఆకారపు చుట్టు నడక ఒక్క రోజులో ఎనిమిది వెయిన్‌రైట్స్ ఇస్తుంది. బ్లెన్‌కాత్రా ఎక్కినరోజే దాని వెనకున్న మంగ్రిస్‌డేల్ కామన్ కూడా ముగించేయండి, లేకపోతే ఆ ఒక్క బురద మైదానం కోసం మళ్లీ రావాలి. టైమ్ లెక్కకి నైస్మిత్ సూత్రం వాడండి: 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. కుక్క నీళ్లు తాగడానికి, గేట్ల దగ్గర ఆగడానికి పైన కొంత కలుపుకోండి. డిసెంబర్‌లో నాలుగు కాకుండానే పొద్దు వాలిపోతుంది, హెడ్ టార్చ్ ఎప్పుడూ సంచిలో ఉండాలి. మ్యాప్‌కి ఆర్డినెన్స్ సర్వే ఓఎల్4 నుంచి ఓఎల్7 వరకు నాలుగు షీట్లు సరిపోతాయి.

గొర్రెల విషయంలో రాజీ లేదు. ఓపెన్ యాక్సెస్ భూముల్లో (దారి వదిలి ఎవరైనా నడవడానికి హక్కున్న చోట్ల) మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్క 2 మీటర్లు మించని లీష్ మీదే ఉండాలని చట్టం. పశువుల దగ్గర ఏడాది పొడుగునా అంతే. మా బంటి గొర్రెల వంక చూడనైనా చూడదు, అయినా వదల్లేదు. కుక్క తరమకపోయినా, దాన్ని చూసి పరుగెత్తిన చూడి గొర్రె పిల్లని పోగొట్టుకోవచ్చు. అది ఒక రైతు ఏడాది కష్టం. ఆవుల సంగతి వేరు: దూడలున్న ఆవులు మీదికి వస్తే లీష్ వదిలేయండి. వాటి కోపం కుక్క మీద, అది తప్పించుకోగలదు, మీరు తప్పించుకోలేరు.

రాతి గోడల మీద నిచ్చెనలా ఉండే స్టైల్స్ దాటించడానికి వీపు మీద పిడి ఉన్న హార్నెస్ కొనండి. సాయంత్రం చెవుల వెనక, చంకల్లో, వేళ్ల మధ్య పిడుదులు వెతికి, టిక్ రిమూవర్‌తో తీయండి. ఎండాకాలంలో చెరువు నీళ్ల మీద పచ్చటి తెట్టు కనిపిస్తే దిగనివ్వకండి, ఆ నాచు కుక్కల ప్రాణం తీస్తుంది. మన తిండి గురించి ఒక మాట. కొండ మీదికి పులిహోరకి మించింది లేదు, చల్లారినా రుచి పోదు. కానీ ఉల్లిపాయ, కిస్‌మిస్ కుక్కలకి విషం. పకోడీలు, కిస్‌మిస్ వేసిన లడ్డూలు వాటికి అందని డబ్బాలో పెట్టండి.

బయల్దేరేముందు మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ చూడాలి, ఊరి వాతావరణం కాదు. బారోడేల్‌లోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకి పైనే వాన పడుతుంది, కాబట్టి మంచి కోటు దండగ కాదు. ఆపదొస్తే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి. సిగ్నల్ సరిగ్గా లేని చోట 999కి మెసేజ్ పనికొస్తుంది, అయితే ఆ నంబరుకి ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి.

స్నేహితురాలితో షరతులు మొదట్లోనే మాట్లాడుకోండి. ఒకరు రాకుండా ఇంకొకరు కొత్త కొండ ఎక్కకూడదన్నది మా మొదటి షరతు. ఎవరి పిల్లలకి జ్వరం వచ్చినా ఇద్దరికీ సెలవే. శిఖరం అంటే ఏమిటన్నది రెండోది. హెల్మ్ క్రాగ్ పైన అసలు శిఖరం నిలువుగా ఉన్న ఒక రాయి. వెయిన్‌రైటే దాన్ని ఎక్కలేదు. ఎక్కితే ఆ సంగతి ప్రకటించడానికని పుస్తకంలో కాస్త చోటు వదిలారు, అది ఖాళీగానే ఉండిపోయింది. కుక్కలు కూడా పూర్తి చేసినట్టు లెక్క రావాలి కాబట్టి, ఆ రాయి అడుగు తాకితే చాలనుకున్నాం.

చివరి కొండగా మేం హేస్టాక్స్ ఉంచుకున్నాం, 597 మీటర్లు. వెయిన్‌రైట్ చితాభస్మాన్ని చల్లింది దాని మీదున్న ఇన్నామినేట్ టార్న్ దగ్గరే, అందుకే చాలామంది దాన్నే ఆఖరికి పెట్టుకుంటారు. గేట్స్‌గార్త్ నుంచి స్కార్త్ గ్యాప్ మీదుగా ఎక్కితే పై భాగంలో చేతులు వాడాలి. మోలీకి అప్పటికే కీళ్ల నొప్పులు మొదలయ్యాయి, అందుకని హోనిస్టర్ పలక గని దగ్గర మొదలుపెట్టాం. రోడ్డే బాగా ఎత్తులో ఉంటుంది కనుక ఎక్కాల్సింది తక్కువ, దారి కూడా చాలావరకు నెమ్మది. మోలీ తనంతట తనే పైదాకా నడిచింది, బంటి ఎప్పట్లాగే ముందు. నా స్నేహితురాలు ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. మీ చివరి రోజుకి బంధువుల్ని, స్నేహితుల్ని పిలిస్తే, నడక అలవాటు లేనివాళ్లకీ ఈ దారే నయం. కేకు రాళ్ల చాటున గాలి తగలని చోట కోయండి, కుక్కలకి ఉడికించిన చికెన్ విడిగా తెచ్చుకోండి, దిగేటప్పుడు కూడా హోనిస్టర్‌కే తిరిగి రండి. దిగుడులో బరువంతా ముసలి కుక్క ముందుకాళ్ల మీదే పడుతుంది.