ట్రస్టు చట్టం ఇంట్లో కూర్చుని నేర్చుకుందాం – 5వ పాఠం: ట్రస్టీ దారి తప్పితే కోర్టుని ఏమేం అడగొచ్చు

ముందు పోయిన పాఠం చివర్లో ఇచ్చిన ప్రశ్నకి జవాబు. ట్రస్టు ఆస్తి అమ్మే బాధ్యత ఉన్న ట్రస్టీ (ఇంకొకరి మేలు కోసం ఆ ఆస్తిని చూసుకునే మనిషి) దాన్ని తనే, మార్కెట్ రేటు ఇచ్చి మరీ కొనుక్కోవచ్చా అని అడిగా కదా, కొనకూడదు. 52వ సెక్షన్ నేరుగానైనా, చాటుగానైనా కుదరదంటుంది, అంటే డబ్బు తనది పెట్టి పేరు మాత్రం భార్యది రాయించినా అంతే.

ఇప్పటిదాకా ట్రస్టీ ఏం చేయాలి, ఏం చేయకూడదు అనేది చూశాం, ఇవాళ్టి నుంచి మనవైపు నుంచి, అంటే ట్రస్టు ఎవరి మేలు కోసం పెట్టారో ఆ బెనిఫిషియరీల వైపు నుంచి చూద్దాం. మనం చదువుతున్నది 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్, ఇది ప్రైవేటు ట్రస్టులకే వర్తిస్తుంది, గుడి మాన్యాలకీ, వక్ఫ్‌కీ వర్తించదు. ఊరందరికీ సంబంధించిన ధర్మసత్రం లాంటి పబ్లిక్ ట్రస్టు అయితే దారి వేరు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92 కింద ఆసక్తి ఉన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కోర్టు పర్మిషన్ తీసుకుని సూట్ (దావా) వేయాలి. అది ఇంకో పాఠంలో.

ఉత్త సెక్షన్లు చదివితే బుర్రకెక్కదు కాబట్టి ఒక కల్పిత కుటుంబాన్ని తీసుకుందాం. తెనాలిలో ఒక తాతగారు రిజిస్టర్డ్ ట్రస్టు డీడ్ రాశారు, అందులో మెయిన్ రోడ్డు మీద మూడు షాపులు, 10 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. ట్రస్టీలు పెద్దకొడుకు, అల్లుడు. బెనిఫిషియరీలు చనిపోయిన చిన్నకొడుకు కూతుళ్ళు ఇద్దరు, పెద్దమ్మాయికి 24, చిన్నదానికి 16. పెదనాన్న ఎఫ్‌డీ బ్రేక్ చేసి తన ఎరువుల కొట్లో పెట్టుబడి పెట్టాడు, ఒక షాపు తన బావమరిదికి అమ్మేశాడు, సంతకం తనొక్కడే పెట్టాడు, రెండో షాపుకి కూడా బేరం నడుస్తోందని ఊళ్ళో మాట.

ఇలాంటప్పుడు మనవాళ్ళు మొదట చేసే పని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళడం. నమ్మకద్రోహం నేరమే, కాదనట్లేదు, 2024 జూలై 1 తర్వాత జరిగినదైతే భారతీయ న్యాయ సంహిత 316 కిందకి వస్తుంది, 5 ఏళ్ళ దాకా శిక్ష ఉంది. కానీ ఆ కేసు పెదనాన్నని జైలుకి పంపొచ్చేమో గానీ షాపు మీ పేరున తిరిగి రాయించదు, ఈలోగా రెండో షాపు కూడా చేతులు మారితే కొన్నవాడెవడో, వాడికి ట్రస్టు సంగతి తెలుసో తెలీదో అని ఇంకో గొడవ మొదలవుతుంది. నా లెక్కలో వరస ఇది: కాగితాలు, ఆపడం, ఆస్తి, డబ్బు, ఆ తర్వాత మనిషి.

కాగితాలతో మొదలెడదాం. 57వ సెక్షన్ చాలామందికి తెలీదు గానీ అది బంగారం, దాని ప్రకారం బెనిఫిషియరీ ట్రస్టు డీడ్, టైటిల్ కాగితాలు, అకౌంట్లు, వాటి వోచర్లు, ఆఖరికి ట్రస్టు పని కోసం ట్రస్టీ లాయర్ దగ్గర తీసుకున్న ఒపీనియన్ కూడా చూడొచ్చు, కాపీలు తీసుకోవచ్చు. 19 ప్రకారం లెక్కలు రాయడం, అడిగితే వివరాలు ఇవ్వడం ట్రస్టీ డ్యూటీ. కాబట్టి పెద్దమ్మాయి రాయాల్సింది ఇలా ఉండాలి:

"పెదనాన్న గారికి నమస్కారాలు. తాతయ్య రాసిన ట్రస్టు డీడ్ ప్రకారం నేను, చెల్లి బెనిఫిషియరీలం. ఎఫ్‌డీ ఇప్పుడు ఏ బ్యాంకులో ఎంత ఉంది, మూడు షాపుల అద్దె లెక్కలు, వోచర్లు, అమ్మిన షాపు తాలూకు సేల్ డీడ్ కాపీ 15 రోజుల్లో చూపించగలరు. మీకు వీలైన రోజు చెబితే నేనే వస్తాను."

చూశారుగా, ఎక్కడా దొంగ, మోసం అనే మాట లేదు. దీన్ని స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టి పంపాలి, వాట్సాప్‌లో ఒక్కటే పంపితే "నామీద నమ్మకం లేదా అమ్మా" అని రిప్లై వస్తుంది, అక్కడితో సెంటిమెంట్ మొదలై లెక్కలు మరుగున పడతాయి. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మూడు షాపులకీ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) కూడా అదే వారంలో తీసుకోవాలి. ఇంకో జాగ్రత్త, ఈ టైంలో పెదనాన్న ఏదో కాగితం తెచ్చి "లెక్కలన్నీ చూశాను, అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టమంటే పెట్టొద్దు, ఎందుకంటే 23 ప్రకారం మేజరైన బెనిఫిషియరీ అన్నీ తెలిసి, తన హక్కులు కూడా తెలిసి, ఒత్తిడి లేకుండా ఒప్పుకుంటే ఆ తప్పుకి తర్వాత అడిగే హక్కు పోతుంది.

రెండోది ఆపడం. 61వ సెక్షన్ రెండు పనులకి వస్తుంది, ట్రస్టీ చేయాల్సిన పని చేయించడానికి, చేయబోతున్న తప్పుని ఆపడానికి. తప్పు జరిగేదాకా ఆగాల్సిన పనిలేదు, జరిగేలా ఉన్నా చాలు. సూట్‌తో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద టెంపరరీ ఇంజంక్షన్‌కి (తాత్కాలికంగా ఆపే ఆర్డరుకి) ఐఏ, అంటే మధ్యంతర అర్జీ వేస్తారు, రెండో షాపు అమ్మకుండా. అద్దెలు కూడా మింగేస్తున్నాడు అనిపిస్తే ఆర్డర్ 40 కింద రిసీవర్‌ని, అంటే ఆస్తిని చూసుకోడానికి కోర్టు పెట్టే మనిషిని అడగొచ్చు. చెల్లి మైనర్ కాబట్టి తన తరఫున అమ్మో అక్కో నెక్స్ట్ ఫ్రెండ్‌గా ఉండాలి.

ఇక ఆస్తి, ఈ పాఠానికి గుండెకాయ ఇదే. అమ్మేసిన షాపు సంగతేంటి? 63వ సెక్షన్ ట్రస్టు ఆస్తి ఎవరి చేతికి వెళ్ళినా వెంటపడే హక్కు ఇస్తుంది, అది ఇంకో రూపంలోకి మారితే ఆ రూపం మీద కూడా, అంటే షాపు అమ్మిన డబ్బుతో స్థలం కొంటే ఆ స్థలం మీద. ఆగిపోయేది 64 దగ్గర, ట్రస్టు సంగతి తెలీకుండా, మంచి ఉద్దేశంతో, డబ్బిచ్చి కొన్నవాడి దగ్గర. మన కథలో కొన్నది బావమరిది, ఇంటి మనిషి, పైగా డీడ్ రిజిస్టర్ అయింది, ఈసీ తీస్తే కనపడేది, "నాకు తెలీదు" అంటే ఏ జడ్జీ అంత తేలిగ్గా నమ్మడు. తెలుసుకోకుండా కావాలని కళ్ళు మూసుకోవడం కూడా 3వ సెక్షన్ ప్రకారం తెలిసినట్టే. దానికి తోడు 48 ప్రకారం డీడ్‌లో వేరే రాసుంటే తప్ప ట్రస్టీలందరూ కలిసే చేయాలి, ఇక్కడ ఒక్క సంతకమే. ఒకవేళ బావమరిది దాన్ని ఎవరో అమాయకుడికి అమ్మి, తిరిగి తిరిగి అది మళ్ళీ పెదనాన్న చేతికే వచ్చిందనుకోండి, మధ్యలో కొన్నవాళ్ళకి ఏమీ తెలీకపోయినా సరే 65 ప్రకారం అది మళ్ళీ ట్రస్టుదే అవుతుంది. 1882లోనే ఈ ఎత్తు ఊహించారంటే అప్పటి పెదనాన్నలు కూడా తక్కువ తినలేదన్నమాట.

డబ్బు దగ్గరికొద్దాం. ఎఫ్‌డీ ఎరువుల కొట్లోకి వెళ్ళింది, అంటే ట్రస్టు డబ్బు వ్యాపారంలో వాడటం, 23 లో (ఎఫ్) క్లాజు. ఇక్కడ బెనిఫిషియరీకి ఆప్షన్ ఉంది, 6 శాతం చక్రవడ్డీ, ఆరు నెలలకోసారి అసలులో కలిపి, లేదా ఆ డబ్బుతో వచ్చిన నికర లాభం. మూడేళ్ళకి లెక్కేయండి: 10 లక్షలు ఆరుసార్లు 3 శాతం చొప్పున పెరిగితే 11,94,052. మామూలు వడ్డీ అయితే 11,80,000 దగ్గర ఆగేది. మన ఊరి భాషలో ఇది అర్ధ రూపాయి వడ్డీ, కొట్టు బాగా నడిచి ఉంటే లాభం అడగడమే లాభం, నష్టాల్లో ఉంటే వడ్డీ. ఏది అడగాలో తేలాలంటే ముందు కొట్టు లెక్కలు చూడాలి కాబట్టి ప్లెయింట్‌లో (దావా పత్రంలో) ప్రేయర్, అంటే కోర్టుని అడిగే కోరిక, ఇలా రాయించాలి: "లెక్కలు చూపించమని ఆదేశించండి, లెక్కలు తేలాక చక్రవడ్డీ గానీ నికర లాభం గానీ మా ఎంపిక ప్రకారం ఇప్పించండి". తొందరపడి ముందే ఒకటి ఫిక్స్ అయిపోకండి.

అల్లుడుగారి సంగతి? "నాకేం తెలీదు, బావగారే చూసుకునేవారు" అంటాడు. మామూలుగా తోటి ట్రస్టీ తప్పుకి ఇంకొకరు బాధ్యులు కారు, కానీ 26 ప్రకారం తెలిసి దాచినా, తెలిసి కూడా సరైన టైంలో ఏమీ చేయకపోయినా ఆయన కూడా బాధ్యుడే. కాబట్టి అదే ఉత్తరం ఆయనకి కూడా పంపండి, అది అందాక తెలీదు అనే మాట ఉండదు. ఇద్దరూ కలిసి చేశారని తేలితే 27 ప్రకారం మొత్తం నష్టం ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు.

మనిషిని తప్పించడం ఆఖరుకి పెట్టాను గానీ ఒక్కోసారి ఇదే సులువు. 73 లో కారణాలున్నాయి, అందులో ట్రస్టీ వరసగా ఆరు నెలలు ఇండియాలో లేకపోవడం ఒకటి, డల్లాస్‌లో కూతురి దగ్గర పురుడు పోయడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయిన ట్రస్టీలకి ఇది తగులుతుంది. డీడ్ ప్రకారం కొత్త ట్రస్టీని పెట్టుకోవడం కుదరకపోతే 74 కింద సూట్ లేకుండా ఉత్త పిటిషన్‌తో జిల్లా కోర్టుకి వెళ్ళొచ్చు. తప్పు చేశాడా లేదా అనే గొడవ ఉంటే మాత్రం సూట్‌కే సిద్ధపడండి.

డీడ్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తితో తేల్చుకోవడం) క్లాజు ఉంది కదా అని అటు వెళ్ళకండి, ట్రస్టు డీడ్ మీద వచ్చే గొడవలు ఆర్బిట్రేషన్‌కి వెళ్ళవని సుప్రీంకోర్టు 2016లో విమల్ కిశోర్ షా కేసులో తేల్చేసింది. టైం విషయానికొస్తే, ట్రస్టీ చేతిలోనే ఉన్న ఆస్తికి, లెక్కలకి 1963 లిమిటేషన్ యాక్ట్ 10వ సెక్షన్ ప్రకారం గడువు లేదు, కానీ డబ్బిచ్చి కొన్న మూడోమనిషి దగ్గర్నుంచి స్థిరాస్తి రాబట్టాలంటే అమ్మిన సంగతి మీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ళు, చరాస్తికి 3 ఏళ్ళే. ఈసీ తీసిన తేదీ అందుకే జాగ్రత్తగా రాసిపెట్టుకోవాలి.

ఈసారి ప్రశ్నలు రెండు. ఒకటి, ట్రస్టీ 6 లక్షల ట్రస్టు డబ్బుకి తన 14 లక్షలు కలిపి తన పేరున ప్లాటు కొన్నాడు, బెనిఫిషియరీ ఆ ప్లాటు మీద ఏం అడగొచ్చు? 63 కింద ఉన్న ఇలస్ట్రేషన్లు, 66 చదవండి. రెండు, ఒక తప్పులో 2 లక్షలు పోగొట్టి, దానికి సంబంధం లేని ఇంకో తప్పులో 3 లక్షలు సంపాదించిన ట్రస్టీ "మొత్తం మీద లాభమేగా" అంటున్నాడు, 24 చూసి ఆయనకి జవాబు రాయండి. వచ్చే పాఠంలో ఈ తెనాలి కేసుకే ప్లెయింట్ మొత్తం, మొదటి పేరా నుంచి ప్రేయర్ దాకా రాద్దాం.