మేడ మీద సొరపిందెలు రాలడం ఆగింది (నా అనుభవం)

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీది సొరపాదుకు పూత బాగానే వచ్చేది. పిందెలు మాత్రం బొటనవేలంత అయ్యేసరికి పసుపెక్కి రాలిపోయేవి. వర్మీకంపోస్ట్, వేపనూనె, నీళ్లు తగ్గించడం, వేటికీ ఆగలేదు.

చివరికి పనిచేసింది చేత్తో చేసిన పరాగసంపర్కం. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాబట్టి పొద్దుగూకే వేళే చేయాలి. అసలు కిటుకంతా ఆ వేళలోనే ఉంది. పొడవాటి సన్న కాడ మీద ఉండేది మగపువ్వు; ఆడపువ్వు కింద నూగుతో బుల్లి పిందె ఉంటుంది. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తుంచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలోని కీలాగ్రం (పుప్పొడిని అందుకునే భాగం) మూడు తమ్మెలకూ మెల్లగా అద్దాను. మగపువ్వు మధ్యలో తాకితే వేలికి పుప్పొడి అంటకపోతే ఇంకో పువ్వు తీసుకోండి. ఫలదీకరణ జరిగిన పిందెలు ముదురుతూ కిందికి వేలాడాయి.

అందరికీ ఇదే మందని చెప్పను. పిందె మీద పొడిచిన మచ్చ, జిగురు ఉంటే అది పండు ఈగ పని కావచ్చు. గుమ్మడికైతే పొద్దున్నే చేయాలి.