లినక్స్‌లో రూట్ నిండిపోయిందా? డిలీట్ కొట్టే ముందు ఇది చూడండి

మారతహళ్లి పీజీలో మా రూమ్మేట్ తమ్ముడొకడు శనివారం రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "అన్నా, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా, మళ్లీ లాగిన్ స్క్రీన్‌కే వచ్చేస్తోంది" అన్నాడు. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి నల్ల స్క్రీన్‌లో లాగిన్ అయి, ఏదో ఫోల్డర్ పేరు కోసం ట్యాబ్ నొక్కానో లేదో "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని పడింది. రూట్, అంటే సిస్టమ్ అంతా ఉండే మెయిన్ పార్టిషన్, ఫుల్ అన్నమాట. కమాండ్లు ఫోన్‌లో చెప్పినట్టు రాస్తున్నా, మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి.

ముందు డీఎఫ్ మైనస్ హెచ్. స్లాష్ ఉన్న లైన్ చూడండి, మావాడిది 30 జీబీ, అవైలబుల్ 0. ఒక్కోసారి జాగా కనిపిస్తుంది గానీ ఎర్రర్ మాత్రం పోదు, అప్పుడు డీఎఫ్ మైనస్ ఐ కొట్టండి, చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో చేరి ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే రికార్డులు) అయిపోయి ఉంటాయి.

తర్వాత ఎవడు తిన్నాడో పట్టుకోవాలి. సుడో డీయూ మైనస్ ఎక్స్ హెచ్ డీ 1, స్పేస్, స్లాష్, ఆపైన పైప్ పెట్టి సార్ట్ మైనస్ హెచ్. ఆ ఎక్స్ మర్చిపోకండి, అది లేకపోతే వేరే పార్టిషన్లో ఉన్న హోమ్‌ని, పెన్‌డ్రైవ్‌ని కూడా కలిపి లెక్కేస్తుంది. పెద్దది కింద వస్తుంది, దాని లోపలికి వెళ్లి మళ్లీ అదే కమాండ్. చాలావరకు వార్ (వీఏఆర్) ఫోల్డర్ దగ్గరే దొరుకుతుంది.

మాకు ఇక్కడే తిరకాసు వచ్చింది. డీఎఫ్ నిండిపోయిందంటోంది, డీయూ మొత్తం కలిపినా 17 జీబీయే. ఏం పీకావురా అని అడిగితే, పొద్దున వార్ లాగ్‌లో 11 జీబీ లాగ్ ఫైల్ కనిపిస్తే ఆర్ఎమ్ (డిలీట్ కమాండ్) కొట్టేశానన్నాడు! ఫైల్ పేరు పోయింది గానీ దాన్ని తెరిచి పట్టుకున్న సర్వీస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) ఇంకా నడుస్తూనే ఉంది, అది వదిలేదాకా లినక్స్ ఆ జాగా తిరిగివ్వదు. సుడో ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ పెద్ద ఎల్ 1 కొడితే అలాంటివన్నీ బయటపడతాయి, ఆ సర్వీస్ రీస్టార్ట్ చేయగానే 11 జీబీ వచ్చేసింది. నడుస్తున్న లాగ్‌ని ఆర్ఎమ్ చేయకండి, ట్రంకేట్ మైనస్ ఎస్ 0 అని ఫైల్ పేరు ఇచ్చి ఖాళీ చేయండి.

మిగతావి తేలిక. ఉబుంటు, డెబియన్ లాంటి వాటిలో సుడో ఆప్ట్ క్లీన్ చేస్తే డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీలు పోతాయి, ఆప్ట్ ఆటోరిమూవ్ చేస్తే పాత కెర్నల్స్ పోతాయి, బూట్ ఫోల్డర్‌లో చేత్తో మాత్రం వేలు పెట్టకండి. జర్నల్‌సీటీఎల్‌కి రెండు మైనస్‌లు పెట్టి వాక్యూమ్ హైఫన్ సైజ్ ఈక్వల్ టు 200 ఎమ్ ఇస్తే పాత సిస్టమ్ లాగ్‌లు తగ్గుతాయి. డాకర్ వాడేవాళ్లు ముందు డాకర్ సిస్టమ్ డీఎఫ్ చూసుకుని అప్పుడు డాకర్ సిస్టమ్ ప్రూన్ (వాడనివి తీసేసే కమాండ్) కొట్టండి, ఆగిన కంటైనర్లు కూడా పోతాయి మరి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

ఇంకోటి, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం జాగా రూట్ యూజర్ (అడ్మిన్) కోసం దాచుకుంటుంది, 30 జీబీలో అదే ఒకటిన్నర జీబీ, అందుకే లెక్క కలవనట్టు కనిపిస్తుంది. ట్యూన్2ఎఫ్ఎస్‌ కమాండ్‌తో తగ్గించొచ్చు గానీ రూట్ పార్టిషన్ మీద నేనైతే ముట్టుకోను, ఇలాంటి రాత్రుల్లో సుడోతో పని జరిగేది ఆ దాచిన జాగా వల్లే.

మావాడి సర్వీస్ డీబగ్ మోడ్‌లో ఉండి అన్నీ రాసేస్తోంది, అది ఆపించి లాగ్‌రొటేట్ (పాత లాగ్‌లని తనే తీసేసే టూల్) పెట్టించేసరికి రాత్రి ఒంటిగంట అయింది.