సీపీయూ కాస్త ఎక్కువే పంచండి, మెమరీ మాత్రం లెక్కగా

మాదాపూర్‌లోని మా ఆఫీసులో టెస్టింగ్ వీఎంలన్నీ (వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన విడి కంప్యూటర్లు) ఒకే కేవీఎం (లినక్స్‌లో వీఎంలను నడిపే ఏర్పాటు) సర్వర్ మీద నడుస్తాయి. 16 కోర్లు, 128 జీబీ ర్యామ్. "అందరూ ఒకేసారి వాడతారా ఏంటి" అనుకుని నేనే 170 జీబీ దాకా పంచేశాను. ఓ శుక్రవారం సాయంత్రం డేటాబేస్ వీఎం చప్పుడు లేకుండా పడిపోయింది. దాని లాగ్‌లో ఏమీ లేదు. హోస్ట్, అంటే ఆ అసలు సర్వర్, లాగ్ తీస్తే దొరికింది: ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ని ఆపేసే లినక్స్ ఏర్పాటు) చంపేసింది. హోస్ట్ దృష్టిలో వీఎం అంటే ఒక ప్రాసెస్, అంతే. మామూలుగా ఎక్కువ మెమరీ తింటున్నదానికే ముందు మూడుతుంది.

సీపీయూ అలా కాదు. కోర్ ఖాళీ లేకపోతే వీఎం కాసేపు ఆగుతుంది, కోఠి బస్సు కోసం నిలబడ్డట్టు. ఓపెన్‌స్టాక్‌లో (క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్) చాలాకాలం డిఫాల్ట్‌గా అసలు ఉన్నదానికి సీపీయూ 16 రెట్లు, మెమరీ 1.5 రెట్లు పంచనిచ్చేది. నాకైతే రెండూ ఎక్కువే. సీపీయూ అయితే టెస్టింగ్‌కి 4 రెట్లు, డేటాబేస్ ఉంటే 2 దాటను. ఒక్క వీఎంకే హోస్ట్ కోర్ల కంటే ఎక్కువ ఇవ్వకండి. వీఎం లోపల టాప్ (top) కమాండ్ కొట్టి 'ఎస్‌టీ' (st) అంకె చూడండి, కోర్ కోసం వీఎం ఎంత శాతం సమయం ఆగిందో అది చెబుతుంది. పని వేళల్లో అది 10 దాటి దిగకపోతే కొన్ని వీఎంలను వేరే హోస్ట్‌కి మార్చాల్సిందే.

మెమరీలో హోస్ట్ కోసం ఓ 8 జీబీ పక్కన పెట్టి, మిగిలింది మాత్రమే పంచండి. అంతకంటే ఎక్కువ పంచక తప్పదంటే బెలూన్ డ్రైవర్ (వీఎం వాడని మెమరీని హోస్ట్‌కి తిరిగి ఇప్పించేది), కాస్త స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) పెట్టుకోవచ్చు. జావా నడిచే వీఎంల దగ్గర మాత్రం బెలూన్ మీద ఆశ పెట్టుకోకండి, తీసుకున్న హీప్‌ని (తన పనికి పట్టి ఉంచుకున్న మెమరీని) జావా ఓ పట్టాన వదలదు.