పాత పికప్‌కి స్లైడింగ్ వెనక అద్దం: నీళ్లు కారితే ఎక్కడ చూడాలి

1973 నుంచి 1987 దాకా వచ్చిన షెవ్రొలే పికప్‌లలో వెనక అద్దం జిగురుతో కాదు, రబ్బరు బీడింగ్‌తో నిలుస్తుంది. అందుకే కదలని అద్దం తీసి స్లైడింగ్ అద్దం పెట్టడం ఇద్దరు మనుషులుంటే ఇంట్లోనే అయిపోతుంది. తర్వాత నీళ్లు కారితే మాత్రం వెంటనే సిలికాన్ (సందులు మూసే జిగురు) పూయకండి. కారణం దొరకదు సరికదా, తుప్పు లోపలే పెరుగుతుంది.

సమస్య: వాన పడ్డాక సీటు వెనక తడి

ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో నీళ్లు పోయాలి. కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రండి. పైనుంచి పోస్తే నీళ్లు అంతటా జారి, ఎక్కడ కారుతోందో తెలియదు.

స్లైడర్ కింది గాడి నిండి నీళ్లు లోపలికి పొర్లుతున్నాయా? ఆ గాడిలోకి నీళ్లు రావడం మామూలే. వాటిని బయటికి పంపే చిన్న రంధ్రాలు మట్టితోనో, ఎవరో పూసిన సిలికాన్‌తోనో మూసుకుపోయి ఉంటాయి. సన్నని తీగతో తెరిచి, గాడిలో గ్లాసుడు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి.

బీడింగ్ వెనక నుంచి వస్తే అది తుప్పు కావచ్చు, ముఖ్యంగా కింది మూలల్లో. అద్దం విప్పి, రేకు అంచును మెరిసేదాకా గీకి, ప్రైమర్, పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. చిల్లు పడితే వెల్డింగే దారి. నేను మొదటిసారి ఈ పని వదిలేశాను, రెండు నెలలకే అద్దం మళ్లీ విప్పాల్సి వచ్చింది.

సమస్య: హైవే మీద ఈల శబ్దం

బీడింగ్ పెదవి, అంటే రేకును పట్టుకునే రబ్బరు అంచు, ఎక్కడో రేకు మీదికి ఎక్కలేదు. పాత బీడింగ్ గట్టిపడి ఉంటుంది, పైగా స్లైడర్ ఫ్రేముకి సరిపోకపోవచ్చు. స్లైడర్‌కని అమ్మే కొత్తదే కొనండి. దాన్ని ఫ్రేముకి తొడిగి, రేకు కూర్చునే గాడిలో చుట్టూ నైలాన్ తాడు పెట్టి, కొసలు కింద మధ్యలో లోపలికి వేలాడనివ్వండి. సబ్బు నీళ్లు రాసి, బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల తాడు మెల్లగా లాగాలి. పెదవి దానంతటదే రేకు మీదికి ఎక్కుతుంది.

సమస్య: అద్దం జరగడం లేదు

గాడిలో దుమ్ము. తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి, గ్రీజు వద్దు, దుమ్ము పట్టేస్తుంది.

మీది 1994 మోడల్ లేదా ఆ తర్వాతదైతే, అమెరికాలో అప్పటినుంచి పికప్‌లకు మూడో బ్రేక్ లైటు తప్పనిసరి. అది అద్దం పైన ఉండి, దాని రబ్బరు పాతబడితే నీళ్లు అద్దం నుంచే కారినట్టు కనిపిస్తాయి. అద్దం విప్పేముందు ఆ లైటు మీద ఒకసారి పైపు పెట్టి చూడండి.