నేలతేమ మ్యాప్‌కీ పొలానికీ పొంతన కుదరకపోతే: సమస్య - పరిష్కారం

ఈ పదునులో పత్తి విత్తాలా, ఇంకో రెండు రోజులు ఆగాలా అని రైతు అడిగినప్పుడు పొలం స్థాయిలో జవాబు చెప్పగలగాలి. ఉపగ్రహ డేటాతో అలాంటి మ్యాప్‌లు తయారుచేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కులు, వాటి కారణాలు, విరుగుళ్లు ఇవి.

మండలం మొత్తానికీ ఒకే విలువ వస్తోంది

మీరు వాడుతున్నది స్మాప్ డేటా అయి ఉంటుంది. 2015 జనవరిలో నాసా పంపిన ఈ ఉపగ్రహంలో రెండు పరికరాలు పెట్టారు. నేల నుంచి సహజంగా వెలువడే మైక్రోవేవ్‌లను కొలిచేది రేడియోమీటర్. తానే తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని కొలిచేది రాడార్. చిన్న వివరాలు పట్టుకోవాల్సిన ఆ రాడార్ అదే ఏడాది జులైలో ఆగిపోయింది. మిగిలిన రేడియోమీటర్ సుమారు 40 కిలోమీటర్ల మేర నేలను కలిపి ఒకే విలువగా చూస్తుంది. 9 కిలోమీటర్ల గడులతో దొరికే ఫైల్ కూడా ఆ కొలతల నుంచే వచ్చింది. గడి చిన్నదైనంత మాత్రాన వివరం ఆ మేరకు పెరగదు.

జిల్లా స్థాయిలో బెట్ట ఎలా ఉందో చూడటానికి స్మాప్ చాలా మంచిది. పొలాల మధ్య తేడా కావాలంటే మాత్రం యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1 రాడార్‌ వైపు రావాలి. నేల ఉష్ణోగ్రత, పైరు పచ్చదనం సాయంతో స్మాప్ విలువను కిలోమీటరు గడులకు పంచే పద్ధతి కూడా ఉంది. కానీ దానికి మబ్బులు అడ్డం. రబీలో బాగా పనికొస్తుంది, ఖరీఫ్‌లో ఖాళీలే ఎక్కువ.

ఒకే చేలో పక్కపక్క పిక్సెళ్లు ఒకటి తడి, ఒకటి పొడి చూపిస్తున్నాయి

ఇది రాడార్‌కు సహజంగా ఉండే చుక్కల రొద. సెంటినెల్-1లో 10 మీటర్ల పిక్సెల్‌ ఒక్కదాన్ని నమ్మి ఏ మాటా చెప్పకండి. పొలం గట్ల లోపలి పిక్సెళ్లన్నీ కలిపి సగటు తీయండి. ఆ సగటు, సంకేత బలానికి లాగరిథమ్ కొలత అయిన డెసిబెల్స్‌లో తీయకూడదు. ముందు మామూలు విలువల్లోకి మార్చి, సగటు తీసి, తర్వాత మళ్లీ డెసిబెల్స్‌లోకి తెచ్చుకోవాలి.

వాన లేదు, నీళ్లు పెట్టలేదు, అయినా తేమ పెరిగింది

ముందుగా దుక్కి దున్నారేమో కనుక్కోండి. తడి నేలలాగే గరుకు నేల కూడా రాడార్‌ను ఎక్కువగా వెనక్కి పంపుతుంది, లెక్క దాన్ని తేమ అనుకుంటుంది. రెండు వేర్వేరు కక్ష్యల చిత్రాలను పోల్చినా ఇదే గోల, ఎందుకంటే చూసే కోణం మారిపోతుంది. ఒకే కక్ష్య చిత్రాలనే వరుసగా పెట్టండి. ఆ చేనికి కొన్నేళ్లలో కనిపించిన అతి పొడి, అతి తడి విలువల మధ్య ఇవాళ్టిది ఎక్కడుందో చూడండి. పొడిలో మైనస్ 14 డెసిబెల్స్, తడిలో మైనస్ 8, ఇవాళ మైనస్ 11 అయితే సరిగ్గా నడిమధ్య ఉన్నట్టు. దున్నిన వారాన్ని లెక్కలోంచి తీసేయండి.

వాన పట్టిక తేదీ కూడా చూసుకోవాలి. వాతావరణ శాఖ లెక్కలో ఒక తేదీ వాన అంటే ముందురోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 దాకా పడింది. సోమవారం మధ్యాహ్నం కురిసిన వాన పట్టికలో మంగళవారం కింద ఉంటుంది. సోమవారం సాయంత్రం తీసిన చిత్రం తడిగా ఉంటే తప్పు ఉపగ్రహానిది కాదు.

నీళ్లు నిండిన వరి మడి ఎండిన నేలలా కనిపిస్తోంది

కదలని నీటి మీద పడిన రాడార్ తరంగాలు అవతలి వైపుకి పరావర్తనం చెందుతాయి. ఉపగ్రహానికి తిరిగొచ్చేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి మడి నల్లగా కనబడుతుంది, లెక్క పొడి అంటుంది. పైరు ఎదిగే కొద్దీ నీటికీ దుబ్బులకీ తగిలి తరంగాలు తిరిగొస్తాయి, అప్పుడు తేమ పెరిగిందంటుంది. రెండూ తప్పే. నాట్ల సమయంలో సంకేతం బాగా పడిపోయే పొలాలను గుర్తించి ముందే పక్కన పెట్టండి. నా ఉద్దేశంలో గోదావరి డెల్టా ఖరీఫ్ వరికి నేలతేమ మ్యాప్ అవసరమే లేదు. అక్కడ చూడాల్సింది మడిలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయన్నది.

పైరు కమ్మేశాక విలువలు కదలడం లేదు

సెంటినెల్-1 తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. పత్తి గుబురుగా పెరిగాక అది ఆకుల్లోనే ఆగిపోతుంది. ఆ దశలో విలువలకు తక్కువ నమ్మకం అని మ్యాప్ మీదే రాయడం నిజాయితీ. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో-నాసా ఉపగ్రహం నైసార్‌లో సుమారు 24 సెంటీమీటర్ల తరంగం కూడా ఉంది, అది పైరును దాటి నేలను మెరుగ్గా చూస్తుంది.

మట్టి నమూనాతో లెక్క సరిపోవడం లేదు

ఇక్కడ రెండు తేడాలు కలిసిపోతాయి. మొదటిది లోతు. ఉపగ్రహం చూసేది పై 5 సెంటీమీటర్లనే. మీరు గునపంతో అడుగు లోతు మట్టి తీస్తే రెండూ కలవవు.

రెండోది శాతం. 100 ఘన సెంటీమీటర్ల రింగును నేలలోకి దించి మట్టి తీశారనుకోండి. పచ్చిగా 180 గ్రాములు తూగింది. 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఆరబెడితే 150 వచ్చింది. పోయిన నీరు 30 గ్రాములు. ఆరిన మట్టి బరువు లెక్కన తేమ 20 శాతం, ఘనపరిమాణం లెక్కన 30 శాతం. ఉపగ్రహ ఫైళ్లలో నేలతేమ సాధారణంగా రెండో లెక్కలో ఉంటుంది. పొలానికి ఒక్క నమూనా చాలదు, నాలుగైదు చోట్ల తీయండి, అదీ ఉపగ్రహం వచ్చే పూటే.

మ్యాప్‌లో 24 శాతం తేమ ఉంది, మొక్కలు వాడిపోతున్నాయి

నల్లరేగడి అయితే ఆశ్చర్యం లేదు. బంకమట్టి నీటిని గట్టిగా పట్టుకుంటుంది, సుమారు 25 శాతం దగ్గరే వేళ్లకు అందకుండా పోవచ్చు. అదే 15 శాతం తేమతో అనంతపురం ఎర్ర ఇసుక నేలలో వేరుశనగ హాయిగా ఉండొచ్చు. కాబట్టి రైతుకు శాతం చెప్పకండి. నేల రకాన్ని బట్టి మొక్కకు అందే నీరు ఎంత మిగిలిందో లెక్కగట్టి, విత్తొచ్చు, ఆగాలి, తడి ఇవ్వాలి అనే మూడు రంగుల్లో మ్యాప్ ఇవ్వండి.